తెలంగాణ మాండలికంలో కోపాన్ని తెలిపే పదాలు

కోపాన్ని, కోపిష్ఠి మనుషులను తెలిపే పదాలు తెలుగులో ప్రాంతాన్ని బట్టి మారుతుంటాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలతో సహా తెలంగాణ వాడుకలో ఉన్న కొన్ని పదాలు ఈ వ్యాసంలో ఇవ్వబడినవి.

నేపథ్యం

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలికాలుగా విభజించాడు. వాటిలో తెలంగాణ ఉత్తర మండలం. నిజాం పాలనలో ఉర్దూ రాజభాషగా ఉండటం వలన నిత్యజీవితంలోని భావాలకు కూడా ఉర్దూ మాటలు వచ్చి చేరాయి. బయ్యారం మండలం 2016లో ఖమ్మం జిల్లా నుండి మహబూబాబాద్ జిల్లాలో చేరింది. అయితే పలుకుబడికి జిల్లాల సరిహద్దులు వర్తించవు.

కోపంలో తరతమ భేదాలు

అలుగుడు: అయినవారి మీద కలిగే కోపం. మాట మానుట, అన్నం మానుట దీని లక్షణాలు.
నారాజు: మనసు నొచ్చుకొనుట. ఉర్దూ నుండి వచ్చింది.
గులుగుడు: పైకి అనలేక తనలో తాను గొణుగుకొనుట.
గుస్సా: కోపం. అరబ్బీ మూలం నుండి ఉర్దూ ద్వారా వచ్చింది.
గరం అగుట: కోపంతో వేడెక్కుట. "గరం" అనగా పారసీకంలో వేడి.
ఒర్రుడు: బిగ్గరగా అరచుట.
శిగమూగుడు: శిగం అనగా దేవత పూనుట. పట్టరాని కోపంతో ఊగిపోయేవానికి కూడా ఈ మాట వాడతారు. "శివాలెత్తుట" ఇటువంటిదే.

మనుషులకు వాడే మాటలు

చిన్న విషయానికే మండిపడేవాడు ముక్కోపి. పురాణాల నుండి వచ్చిన పేరు దుర్వాసుడు. నోరు పెట్టుకొని బతికే స్త్రీని గయ్యాళి అంటారు. "గుండమ్మ కథ" (1962) నటి సూర్యకాంతం (1924–1994) పేరు ఈ అర్థంలోనే స్థిరపడింది. గయ్యాళికి సరిసమానమైన పుంలింగ పదం వాడుకలో లేకపోవడం గమనార్హం. అదే గుణం మగవానిలో ఉంటే "కోపమెక్కువ గాని మనసు మంచిది" అని సరిపెట్టుట కద్దు.

సామెతలు

"అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు", "పేదవాడి కోపం పెదవికి చేటు" అనేవి ప్రసిద్ధమైనవి. కోపం అందరికీ వచ్చినా, దానిని చూపగల స్వేచ్ఛ అందరికీ లేదని ఈ రెండూ చెబుతున్నాయి. గులుగుడు అనే మాట పుట్టుకకు అవసరం కూడా ఇదే కావచ్చును.

ప్రాముఖ్యత

ఈ పదాలను మోటు మాటలుగా, తప్పులుగా భావించి విద్యార్థులు రాతలో విడిచిపెట్టడం పరిపాటి. కాని గులుగుడుకు, ఒర్రుడుకు మధ్య గల తేడా "కోపం" అనే ఒక్క మాటలో ఇమడదు. ప్రజల పలుకుబడినే రాయాలని వాదించిన కాళోజీ నారాయణరావు జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆయన తన కవితలకు పెట్టిన పేరు కూడా "నా గొడవ".