బెంగుళూరు ఫుట్‌బాలు జట్లు – వాని వెనుక నిలిచిన జనము

ఆటల చరిత్ర వ్రాయువారు సాధారణముగా గెలిచినవారి పేర్లు, సంవత్సరములు, గోలుల సంఖ్యలు చెప్పి విరమింతురు. ఆ పట్టికలు అవసరమే. కాని ఒక జట్టు గెలిచిననాడు ఏ వీధి వెలిగెను, ఏ వీధి చిన్నబోయెను అను ప్రశ్నకు అవి బదులు చెప్పజాలవు. బెంగుళూరు విషయమున ఈ ప్రశ్న మఱింత చిక్కైనది. ఎనుబదియేండ్లకు పైగా ఈ నగరము దేశమునకు మేటి ఆటగాండ్రను ఇచ్చుచు వచ్చెను. కాని "ఇది మా జట్టు, అది శత్రువుల జట్టు" అని ఏళ్లతరబడి పంతము పట్టు అభిమానిజనము ఇచట మొన్నమొన్ననే రూపుగట్టినది. ఆట ముందు వచ్చి అభిమానము ఇంత వెనుకగా వచ్చుటకు కారణమేమి? దానివలన ఈ నగరమున బహుకాలముగా కాపురమున్న తెలుగువారికి ఎదురైన చిక్కు ఏమి? ఈ రెండు విషయములను ఇచట విచారింతము.

పోలిక కొఱకు మొదట బాల్కను దేశములను చూడవలెను. అచట జట్టనగా పదునొకండుగురు ఆటగాండ్రు మాత్రమే కాదు. 1945 మార్చిలో బెల్‌గ్రేడున రెడ్ స్టార్ జట్టు ఏర్పడెను. అదే సంవత్సరము అక్టోబరులో సైన్యము పార్టిజాన్ జట్టును నెలకొల్పెను. రెండును ఒకే రాజ్యవ్యవస్థకు పుట్టిన బిడ్డలు, పుట్టినది మొదలు దాయాదులు. క్రొయేషియాలో జాగ్రెబు నగరమునకు డైనమో, సముద్రతీరమున స్ప్లిట్ నగరమునకు 1911 నాటి హైదుక్ కలవు. ఏకపక్ష పాలనలో నడివీధిని పలుకరాని మాట మైదానపు మెట్లమీద పాటగా పలుక వీలయ్యెను. 1980 మే 4వ తేదీన స్ప్లిట్‌లో హైదుక్, రెడ్ స్టార్ జట్లు ఆడుచుండగా దేశాధ్యక్షుడు టిటో మరణవార్త వచ్చెను. ఆట నిలిచెను, ఉభయపక్షముల ఆటగాండ్రును కన్నీరు కార్చిరి, ప్రేక్షకులు టిటోను స్తుతించుచు ఒక్క గొంతుతో పాడిరి. పదేండ్లు గడచెను. 1990 మే 13వ తేదీన, క్రొయేషియాలో బహుపక్ష ఎన్నికలు ముగిసిన కొలదిదినములకే, జాగ్రెబులోని మక్సిమీర్ మైదానమున డైనమో, రెడ్ స్టార్ అభిమానులు ఘోరముగా కొట్టుకొనిరి. ఆట రద్దయ్యెను. డైనమో ఆటగాడు జ్వోనిమీర్ బోబన్ ఒక పోలీసును కాలితో తన్నెను. ఆ తన్ను సెర్బుల పెత్తనమునకే తగిలినట్లు క్రొయేషియనులు భావించిరి. ఆ పోలీసు సెర్బు కాడనియు, బోస్నియా ముస్లిమనియు పిదప తెలిసెను. అప్పటికి ఆ నిజముతో ఎవరికిని పని లేకపోయెను. అర్కాన్ అను పేర ప్రసిద్ధుడైన జెల్కో రజ్నాతొవిచ్ రెడ్ స్టార్ అభిమానులనుండి పలువురిని తన సాయుధదళమున చేర్చుకొనెను. 1991లో యుద్ధము వచ్చినది. యుద్ధము మక్సిమీరున పుట్టెనని చెప్పుట అతిశయోక్తియే. జాతుల మధ్య ముందే రగులుచున్న నిప్పు అచట పదిమంది కంటను పడెను, అంతియే.

ఆ యుగోస్లావియాతో బెంగుళూరునకు ఒక పాత పరిచయము కలదు. 1952 జులై 15వ తేదీన హెల్సింకి ఒలింపిక్సులో భారతదేశము ఆ దేశముచేతిలో 10-1 గోలుల తేడాతో ఓడెను. ఆనాడు యుగోస్లావియా పక్షమున రెడ్ స్టార్ వాడైన మితిచ్, పార్టిజాన్ వాడైన జెబెట్స్, హైదుక్ వాడైన వుకాస్ ఒకే అంగీ తొడిగి ఆడిరి. స్వదేశమున ఒకరినొకరు దూషించుకొను మూడు మైదానముల ప్రతినిధులు వారు. భారతదేశపు ఒక్క గోలు చేసినవాడు బెంగుళూరు బిడ్డ అహమ్మదు ఖాన్. అయితే అతడు ఏ జట్టువాడు? బెంగుళూరు జట్టువాడు కాడు; కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టువాడు. మన కథకు కీలకము ఇచటనే యున్నది.

బెంగుళూరున ఫుట్‌బాలు ఆంగ్లసైన్యము వెంట వచ్చినది. 1809లో దండు ఏర్పడినది మొదలు ఇది ఒక ఊరు కాక రెండూళ్లయ్యెను. మైసూరు మహారాజు పాలనలో కన్నడము ప్రధానమైన పాతపేట ఒకటి. ఆంగ్లాధికారము క్రింద తమిళము, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలగలిసిన దండు మఱియొకటి. దండు అనగా సేన అని తెలుగువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 1947 జులైలో దండు మైసూరు సంస్థానమునకు తిరిగి దక్కెను. 1949లో రెండు పురపాలక సంఘములు కలిసి ఒకే కార్పొరేషను అయ్యెను. సైనికులు ఆడుచుండగా చూచి నేర్చినవారు దండుప్రాంతపు బీదకుటుంబముల బాలురు. హలసూరు చేరువ గౌతమపురమున వీధిలో బ్రెజిలు వీరుడు పేలేకు విగ్రహము నిలిపిరన్నచో ఆ అనురాగము ఎంత లోతైనదో ఊహింపవచ్చును.

ఆ కాలపు ప్రసిద్ధమైన జట్టు బెంగుళూరు ముస్లిమ్స్. 1937లో బొంబాయి రోవర్స్ కప్పు తుదిపోటీలో అది కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ జట్టును ఓడించి, అంతవరకు సైనికదళముల సొత్తైన ఆ కప్పును గెలిచిన తొలి భారతీయ పౌరజట్టు అయ్యెను. 1938లో మరల గెలిచెను. 1940లో అదే మొహమ్మడన్ జట్టుచేతిలో తుదిపోటీలో ఓడెను. 1948లో మోహన్ బగానును ఓడించి మూడవమారు కప్పు తెచ్చెను. ఇచట గమనింపవలసిన దొకటి కలదు. 1937, 1940 తుదిపోటీలలో ఎదురెదురుగా నిలిచిన రెండు జట్లును ముస్లిము జట్లే. కలకత్తాలో 1934 మొదలు 1938 వఱకు వరుసగా ఐదుసార్లు లీగు గెలిచిన మొహమ్మడన్ స్పోర్టింగ్ ఆనాటి మతరాజకీయముల వేడిలో ఒక సమాజమునకు పతాకముగా నిలిచెను. బెంగుళూరులో జట్టు పేరున మతమున్నను, ఆ పేరు అంతటి బరువు మోయలేదు. అచట మంటకు కావలసిన ఎండుకట్టెలు ఉండెను, ఇచట లేకుండెను.

మంట లేకున్నను కట్టెలను ఇచటినుండి అచటికి పంపిరనుట మాత్రము నిజము. కలకత్తా స్పర్ధ మూడుజట్లది. 1889లో పుట్టి 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ దళమును ఓడించి షీల్డు గెలిచిన మోహన్ బగాను పశ్చిమబంగ భద్రలోకుల జట్టు. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ తూర్పుబంగవాసులది. దేశవిభజన పిదప ఇల్లువాకిళ్లు వదలి వచ్చిన శరణార్థులకు ఈస్ట్ బెంగాల్ గెలుపు పోయిన ఊరు మరల చేజిక్కినట్లుండెను. అట్టి జట్టునకు 1949 తరువాత కీర్తి తెచ్చిన ముందువరుస ఐదుగురిని జనము పంచపాండవులనిరి: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహమ్మదు ఖాన్, సాలె. ఐదుగురును దక్షిణదేశీయులే! అప్పారావు మన కాకినాడ ప్రాంతపువాడు. పద్మానది కావలిగట్టున పుట్టిన నిరాశ్రయుని కన్నీటిని తుడిచినది బెంగుళూరు, కాకినాడ కుఱ్ఱవాండ్ర పాదములు. ఆ పాదములకు ఆ దుఃఖముతో సంబంధము లేదు. ఉద్యోగమును, కీర్తియును వారిని అచటికి చేర్చెను. అదే స్పర్ధ 1980 ఆగస్టు 16వ తేదీన ఈడెన్ గార్డెన్సులో 16 మంది ప్రాణములు బలిగొనెను.

స్వస్థలమున బెంగుళూరువానికి మిగిలిన అభిమానము రాష్ట్రపు జట్టుపైననే. మైసూరు జట్టు 1946-47, 1952-53, 1967-68, 1968-69 సంవత్సరములందు సంతోష్ ట్రోఫీ గెలిచెను. నాలుగుసార్లును తుదిపోటీలో ఓడినది బెంగాలే. 1955-56లో ఎర్నాకుళమున తుదిపోటీలో మైసూరు బెంగాల్ చేతిలో ఓడెను. హైదరాబాదు ఆట వెనుక ఉన్నవాడు సయ్యదు అబ్దుల్ రహీం అను బడిపంతులు. 1950 మొదలు 1954 వఱకు రోవర్స్ కప్పును వరుసగా ఐదేండ్లు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన తీర్చినదే. ఆ జట్టునకు మొదట పేరు తెచ్చిన గెలుపు బెంగుళూరు గడ్డమీదనే జరిగెను: 1943లో ఆష్ గోల్డ్ కప్పు పోటీలో ఆంగ్ల వాయుసేన జట్టును అది ఓడించెను. ఆ వాయుసేన జట్టులో ప్రసిద్ధ క్రికెటు ఆటగాడు డెనిస్ కాంప్టన్ ఆడెను. ఇట్లు రెండు నగరముల ఆట ఎదురుబొదురుగా పెరిగినను, వానినడుమ పగ పెరుగలేదు.

స్వాతంత్ర్యానంతరము బెంగుళూరున జట్లు కర్మాగారముల నీడకు చేరెను. హిందూస్థాన్ ఏరోనాటిక్స్, ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ వంటి సర్కారు సంస్థలు ఆటగానికి జీతము, ఇల్లు, పదవీవిరమణ భద్రత ఇచ్చెను. దండుప్రాంతపు బాలునకు ఇంతకు మించిన వరము లేదు. కాని కర్మాగారపు జట్టునకు అభిమాని ఎవరు? పని చేయువాడే ఆడును, పని చేయువాడే చూచును. ఊరు దూరముగా నిలుచును. కొలువులు తగ్గినకొలది జట్లును సన్నగిల్లెను. హిందూస్థాన్ ఏరోనాటిక్స్ జట్టు 2010-11, 2011-12 ఐ-లీగు పోటీలలో ఆడి క్రిందికి జారెను.

ఇక 2013లో జె.ఎస్.డబ్ల్యు. వ్యాపారసంస్థ బెంగుళూరు ఎఫ్.సి. జట్టును స్థాపించెను. తొలిసంవత్సరమే, 2013-14లో, అది ఐ-లీగు గెలిచెను. 2015-16లో మరల గెలిచెను. 2016లో ఆసియా ఎ.ఎఫ్.సి. కప్పు తుదిపోటీ చేరెను. 2018-19లో ఇండియన్ సూపర్ లీగు గెలిచెను. కంఠీరవ మైదానపు పడమటి మెట్లమీద నీలి అంగీలతో వెస్ట్ బ్లాక్ బ్లూస్ అను అభిమానిసంఘము నిలిచెను. ధనికుని తలపున పుట్టిన జట్టునకు ఊరి మనస్సు ఇంత త్వరగా అంటుకొనుట వింతయే. కాని అభిమానమునకు రూపము దిద్దునది ప్రత్యర్థి. ఆ ప్రత్యర్థి 2017 డిసెంబరు 31వ తేదీన కొచ్చిన్‌లో దొరికెను. ఆ దినమున బెంగుళూరు కేరళ బ్లాస్టర్సును 3-1 గోలులతో ఓడించెను. కేరళ అభిమానిసంఘము పేరు మంజప్పడ. మలయాళమున పసుపుసేన అని అర్థము. బెంగుళూరున మలయాళీలు వేలాదిగా కలరు. కనుక కేరళ జట్టు వచ్చిననాడు పసుపుసేన పొరుగు రాష్ట్రమునుండియే రానక్కఱలేదు. ఇదే నగరపు అద్దెయిండ్లనుండి, కార్యాలయములనుండి బయలుదేరును.

2023 మార్చి 3వ తేదీన కంఠీరవమున ఆ రెండు జట్లకు నాకౌటు పోటీ జరిగెను. నియమితకాలమున ఎవరును గోలు చేయలేదు. అదనపు సమయమున 96వ నిమిషమున సునీల్ ఛేత్రి, కేరళవారు అడ్డుగోడ అమర్చుకొనుచుండగనే ఫ్రీకిక్ తన్ని గోలు చేసెను. న్యాయనిర్ణేత దానిని అంగీకరించెను. కేరళ శిక్షకుడు ఇవాన్ వుకొమనొవిచ్ తన ఆటగాండ్రను మైదానమునుండి వెలుపలికి పిలిచెను. వారు తిరిగి రాలేదు. కేరళ సంస్థకు 4 కోట్ల రూపాయల జరిమానా, శిక్షకునకు 10 ఆటల నిషేధము, 5 లక్షల జరిమానా పడెను. ఈ వుకొమనొవిచ్ సెర్బియా దేశస్థుడు, బెల్‌గ్రేడు రెడ్ స్టార్ జట్టున ఆడినవాడు! బాల్కనుల కోపము బెంగుళూరునకు వచ్చెనని దీనినుండి సిద్ధాంతము తీయుట హాస్యాస్పదము. అయినను ఎవరు ఎవరి పక్షమున నిలిచిరో చూడుడు. బెంగుళూరు పతాకము మోసిన ఛేత్రి నేపాలీ కుటుంబపు బిడ్డ, పుట్టినది సికిందరాబాదున. కేరళ పౌరుషమును నిలిపినవాడు సెర్బు. జాగ్రెబున బోబన్ తన జాతికొఱకు తన్నెనని జనము నమ్మిరి. ఇచట అట్టి నమ్మకమునకు తావే లేదు. ఈ స్పర్ధలో కోపము నిజమైనది, వంశము మాత్రము అరువుది. అందువలననే కాబోలు, ఇంతవఱకు అది హద్దు మీఱలేదు.

తెలుగువారికి చిక్కు ఇచటనే. బెంగుళూరున తెలుగు పాతకాపు. నగరపు నీలిరంగు ధరించుటకు తెలుగువానికి సంకోచము లేదు. 2019లో, మూతపడిన పూణే జట్టు స్థానమున హైదరాబాదు ఎఫ్.సి. పుట్టగా, ఈ నగరపు తెలుగువానికి మలయాళీకి వచ్చిన ప్రశ్నయే వచ్చెను: ఉన్న ఊరా, భాష ఊరా? 2022 మార్చి 20న గోవాలో హైదరాబాదు జట్టు కేరళనే పెనాల్టీలలో ఓడించి లీగు గెలిచెను. ప్రశ్న పదును దేలుచుండగనే జట్టు అప్పులపాలయ్యెను. 2025లో దాని యజమాన్యము దానిని ఢిల్లీకి తరలించి పేరు మార్చెను. రెడ్ స్టారును బెల్‌గ్రేడునుండి కదల్చుదునన్నవాడు ప్రాణములతో ఉండునా? రహీం పంతులు కన్న నగరమున జట్టు పోవుచుండగా వీధి వీధిగా లేచి అడ్డుపడినవారు కానరాలేదు. ఆరేండ్లలో వేళ్లూనుట చెట్టునకే కష్టము.

2023 మార్చి 4వ తేదీన, అనగా కంఠీరవమున కలహము జరిగిన మఱునాడే, సౌదీ అరేబియాలోని రియాధు నగరమున కర్ణాటక జట్టు మేఘాలయను 3-2 గోలులతో ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచెను. 1968-69 తరువాత ఆ ట్రోఫీ ఈ రాష్ట్రమునకు రాలేదు. 54 ఏండ్లు గడచెను. ఛేత్రి ఫ్రీకిక్కు న్యాయమా అన్యాయమా అని నేటికిని కాఫీ హోటళ్లలో వాదము వినవచ్చును. రియాధులో గోలులు చేసిన మన కుఱ్ఱవాండ్రెవరని అడిగినచో మాత్రము, నీలి అంగీవాడును పసుపు అంగీవాడును ఒకరి మొగము ఒకరు చూచుకొందురు.