లంక నుండి పడవకు కేక

మా బాబాయిగారు కైకలూరులో ఉంటారు. తెలుగు పండితులుగా పనిచేసి విరమించారు. 2006లో కొల్లేటిలో చేపల చెరువుల గట్లు తెగగొడుతున్న రోజుల్లో ఆయన లంకల పేర్లు, వాగుల పేర్లు, వలల పేర్లు సేకరించి రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ రాతంతా ఒక పాత ల్యాప్‌టాప్‌లోకి ఎక్కింది. ఆయన వేళ్ళు ఆ కీబోర్డుకే అలవాటుపడ్డాయి. కొత్తది కొనిస్తామంటే ససేమిరా అన్నారు.

ఇటీవల దాని హార్డ్ డిస్కు చచ్చింది. తాడేపల్లిగూడెంలో ఒక మరమ్మతుదారు ఓపికగా దస్త్రాలను బయటకు లాగి, మరో పాత యంత్రంలోని డిస్కును ఇందులో అమర్చి ఇచ్చాడు. సీడీ డ్రైవు మాత్రం తన వల్ల కాదన్నాడు. అది ఎప్పుడో పాడైంది, జోడీ దొరకదు. యూఎస్‌బీ నుండి మొదలయ్యే వసతి ఆ కాలపు బయాస్‌లో లేదు. ఒళ్ళు ఉంది, ప్రాణం లేదు. ఆ స్థితిలో అది ఏలూరులో నా బల్ల మీదకు చేరింది.

చదువరులు నన్ను తొందరపెట్టకపోతే, ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్తాను. ఏమీ లేని యంత్రంలోకి మొదటి ప్రోగ్రామును ఎక్కించేది ఎవరు? ఎక్కించడానికి ఒక ప్రోగ్రాము కావాలి కదా! విత్తు ముందా చెట్టు ముందా అన్న తగవే ఇది. 1975 నాటి ఆల్టెయిర్ 8800 కొన్నవారు ముందు పలకమీది మీటలను ఒక్కొక్కటే పైకీ కిందికీ నొక్కి ఆ తొలి ప్రోగ్రామును చేత్తో ఎక్కించేవారు. ఆ యంత్రానికి తాము రాసిన బేసిక్‌ను చూపించడానికి అల్బుకెర్కీకి బయలుదేరిన పాల్ ఆలెన్‌కు, ఆ తొలి మెట్టే తాము రాయలేదని దారిలో గుర్తొచ్చింది. విమానంలో కూర్చునే రాశాడు. గిట్టనివాళ్ళు కూడా మెచ్చుకోవలసిన ఘట్టం.

తరువాత ఫ్లాపీలు వచ్చాయి. 1993 జూలైలో వెలువడిన స్లాక్‌వేర్ తొలి కూర్పు 24 ఫ్లాపీల మోత. విండోస్ 95 ఫ్లాపీ కట్ట 13. వీటిలో ఒక్కటి చెడినా కథ మొదటికొచ్చేది. 1995లో ఫీనిక్స్, ఐబీఎమ్ కలిసి సీడీ నుండి యంత్రాన్ని మొదలుపెట్టే పద్ధతికి నియమాలు రాశాయి. దానికి ‘ఎల్ టొరిటో’ అని ఒక భోజనశాల పేరు పెట్టారని చెబుతారు. అక్కడినుండి మన దేశంలో లైనక్సు సీడీల కాలం. పీసీక్వెస్ట్ పత్రికతో పాటు వచ్చిన సీడీలు, ఉబుంటు వారు 2011 ఏప్రిల్ వరకు అడిగినవారికల్లా తపాలాలో ఉచితంగా పంపిన సీడీలు చాలామందికి తొలి పాఠాలు. ఆ సీడీలు నా అలమరలో ఇంకా ఉన్నాయి. పెట్టడానికి నోరే లేదు.

ఇక మిగిలింది తీగ. దీని చరిత్ర సీడీ కంటే పాతది. 1980లలో డిస్కులు ఖరీదు కాబట్టి, డిస్కు లేని యంత్రాలను తీగతో ఒక పెద్ద యంత్రానికి కట్టేవారు. టీఎఫ్‌టీపీ నియమాలు 1981లో, బూట్‌పీ నియమాలు 1985లో వెలువడ్డాయి. బూట్‌పీ రాసినవారు స్టాన్‌ఫర్డ్‌లోని బిల్ క్రాఫ్ట్, సన్ సంస్థలోని జాన్ గిల్మోర్. ఆ తరువాత ఇంటెల్ ఇదంతా పీఎక్స్ఈ పేరిట మామూలు పీసీలకు చేర్చింది. అదృష్టం కొద్దీ బాబాయిగారి యంత్రానికి ఆ గుణం ఉంది.

పని జరిగే తీరు కొల్లేటివారికి వేరే చెప్పనక్కరలేదు. లంకలో ఉన్నవాడికి పడవ లేదు. ఒడ్డున ఎవరున్నారో తెలియదు. గొంతెత్తి అందరికీ వినపడేలా కేక వేస్తాడు. విన్నవాడు పడవ తెస్తాడు. యంత్రం కూడా అంతే. తనకింకా చిరునామా లేదు గనుక తీగమీద అందరినీ ఉద్దేశించి పిలుస్తుంది. జవాబిచ్చినవాడు నీ చిరునామా ఇది, నీ దస్త్రం ఫలానాచోట ఉంది అంటాడు. ఆపైన టీఎఫ్‌టీపీ ఆ దస్త్రాన్ని 512 బైట్ల ముక్కలుగా అందిస్తుంది. ఒక ముక్క ముట్టిందని కబురొస్తే గాని రెండోది పంపదు. తాపీపనిలో ఇటుకలందించే వరసే!

నా ఇంకో కంప్యూటరులో డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామును నిలిపి, మీట నొక్కాను. తెరమీద ‘పీఎక్స్ఈ-ఈ53’ అని దోషం. దస్త్రం పేరు అందలేదట. రాత్రి సగం పోయింది. చివరకు తేలిందేమంటే, కేక విని ముందుగా పలికింది ఇంట్లోని రౌటరు! చిరునామా ఇచ్చింది, పడవ మాత్రం దాని దగ్గర లేదు. రౌటరు చేత చిరునామాలు ఇవ్వడం మాన్పించి, ఆ పనీ నా కంప్యూటరుకే అప్పగించాక చుక్కలు ఒకటొకటిగా కదిలాయి.

ఎక్కించినది డెబియన్ 12. ఎందుకంటే 2025 ఆగస్టులో వచ్చిన 13వ కూర్పు 32 బిట్ల యంత్రాల స్థాపకాన్ని విడిచిపెట్టింది. ఇంకో విడత ఆలస్యమైతే ఈ దారి కూడా ఇరుకవుతుంది.

తరువాతి ఆదివారం బాబాయిగారు వచ్చారు. ఆయన చూడాలని స్థాపనను మళ్ళీ మొదటినుండి ఆరంభించాను. భాష ఎంచుకోమన్న జాబితాలో ‘తెలుగు’ అని కనబడగానే కళ్ళద్దాలు సవరించుకున్నారు. డెబియన్ స్థాపకం 2007 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఎచ్’ కూర్పులో బొమ్మల తెరను తెచ్చిన కారణాల్లో మన లిపుల వంటివి ఒకటి. అంతకుముందున్న ఉత్త అక్షరాల తెరమీద గుణింతాలు, వత్తులు నిలవవు.

“ఇది అడుగుతున్నది మన భాషలోనేనా?” అన్నారు.

“అవును బాబాయ్, మీరే నొక్కండి.”

నొక్కారు. సాయంత్రానికి యంత్రం లేచింది. పాత దస్త్రాలు తెరిచి చూస్తే మాత్రం ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ కొక్కేలూ తోకలూ ఉన్న రోమను గుర్తులు. ఆయన వాటిని యూనికోడుకు ముందరి డీటీపీ ఫాంటులో కొట్టారు. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి గాని, వత్తుల దగ్గర తప్పులు పోతాయి. ఊళ్ళ పేర్లలో అవి పనికిరావు. ఆయన నిరాశపడలేదు. సంచిలోంచి పాత ప్రింటు కాగితాల కట్ట తీసి, మొదటి పుట ముందు పెట్టుకుని, ‘కొల్లేటికోట’ అని నెమ్మదిగా కొట్టసాగారు.