లొట్టి చలువ, తాటాకు రేక

షాంపేన్‌ను పది డిగ్రీల దాకా చల్లార్చి, బుడగలు త్వరగా చెదరకుండా సన్నని పొడవాటి గ్లాసులో పోస్తారు. వేములపల్లి, సూర్యాపేట, కోదాడ పల్లెల్లో బుడగలెత్తే పానీయం కల్లు. దానికి తగిన పాత్ర, తగిన చలువ ఏనాడో కుదిరాయి.

చలువ కుమ్మరి చేతిలో, అతను చేసిన లొట్టిలో, అంటే కల్లు పట్టే మట్టికుండలో ఉంది. కాల్చిన మట్టిలోని సన్నని రంధ్రాల గుండా తేమ బయటికి ఊరి, ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. అమెరికా సరస్సుల మంచుగడ్డలు ఓడల్లో మద్రాసు చేరి, 1842లో కట్టిన ఐస్‌హౌస్‌లో నిలవుండేవి. అది దొరల బల్లలకు. పల్లెకు లొట్టే దిక్కు.

అయితే పాత లొట్టిలో మిగిలిన ఈస్టు తాజా రసాన్ని గంటల్లో పులియబెడుతుంది. పులియని తీపి నీరా కావాలంటే లోపల సున్నం పూయాలి.

తాగడానికి రేక. తాటాకును దోనెలా మడిచి రెండు చేతులా పట్టుకుంటే పైనుంచి కల్లు పోస్తారు. కడిగే పనే లేదు, ఎంత చక్కని ఏర్పాటు!

తర్వాత దుకాణాల్లోకి గాజు సీసాలు వచ్చాయి. పులుస్తున్న కల్లుకు మూత బిగిస్తే వాయువు ఒత్తిడికి సీసా పగలొచ్చు. షాంపేన్ సీసా అంత మందంగా ఉండేదీ అందుకే, లోపల వాతావరణ పీడనానికి అయిదారు రెట్ల ఒత్తిడి ఉంటుంది.

ఈ పాత్రల కథలో మోకు కట్టి చెట్టెక్కే మనిషిని మరవకూడదు. గీత కార్మికులను సంఘటితం చేసిన బొమ్మగాని ధర్మభిక్షం 1952లో సూర్యాపేట నుంచి హైదరాబాద్ శాసనసభకు, 1991, 1996లలో నల్గొండ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.