బర్క్‌లీ వీధుల్లో సిమెంటు దిమ్మలు

బర్క్‌లీలో మొదటిసారి కారు నడిపినవాళ్ళెవరైనా ఆ ఊరిని ఓసారి తిట్టుకునే ఉంటారు. యూనివర్సిటీకి దక్షిణాన, ఎల్మ్‌వుడ్ వైపు తిన్నగా పోతున్న వీధి ఉన్నట్టుండి సిమెంటు దిమ్మల దగ్గర ఆగిపోతుంది. సైకిలు వెళ్తుంది, మనిషి వెళ్తాడు, కారు మాత్రం పక్కకి తిరగాల్సిందే. నేనైతే మూడు మలుపులు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాను. (ఇన్ఫినిట్ లూప్ అంటే ఏంటో ఆ రోజు ఒంటబట్టింది!) ఇంతకీ ఇది ఎవడి బుర్రలో పుట్టిందా అని తవ్వితే పెద్ద కథే ఉంది.

1975లో సిటీ ఓ ట్రాఫిక్ ప్లాన్ తెచ్చి ఈ దిమ్మలు చాలాచోట్ల పెట్టించింది. ఇళ్ళ మధ్య సందుల్ని అడ్డదారులుగా వాడుకునే కార్లని మెయిన్ రోడ్లకి మళ్ళించాలని. బానే ఉంది, కానీ కార్లు మాయమైపోవు కదా! యాష్‌బీ ఎవెన్యూ లాంటి రోడ్లమీద పడతాయి. దాంతో ఊరు రెండుగా చీలింది. లోపలివాళ్ళు "మా పిల్లలు" అన్నారు, బయటివాళ్ళు "రోడ్డు మీ బాబు సొత్తా" అన్నారు. తీసేయాలని రెండుసార్లు ఓటింగ్ పెడితే, రెండుసార్లూ జనం ఉంచమనే తేల్చారు.

అక్కడితో అయిపోలేదు. 1982లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ఇలా అడ్డం కట్టే అధికారం రాష్ట్ర చట్టం సిటీకి ఇవ్వలేదని తీర్పిచ్చింది. తర్వాత రాష్ట్ర చట్టసభ ఆ చట్టాన్నే సవరించింది. కోర్టు బగ్ అన్నదాన్ని వీళ్ళు ఫీచర్ చేసేశారన్నమాట.

నా ఓటు దిమ్మలకే. అదే యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధుల్ని పోల్చి చూశాడు. రోజుకి 2,000 బళ్ళు తిరిగే వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు, 16,000 తిరిగేచోట 0.9. ట్రాఫిక్ అంటే మనం నిమిషాలే లెక్కేస్తాం, ఈయన మనుషుల్ని లెక్కేశాడు. (1982లోనే ఏథెన్స్‌లో కారు గుద్ది చనిపోయాడు పాపం.)

కానీ ఈ లెక్క యాష్‌బీ మీద ఉండేవాళ్ళకీ వర్తిస్తుంది కదా? ఎల్మ్‌వుడ్ సందులో ఇల్లు కొనే స్తోమత లేక అక్కడ అద్దెకుంటున్న మా ఫ్రెండ్ ఎండాకాలంలో కూడా కిటికీ తియ్యడు. వాడికి ఈ అంకెలు చెప్తే కాసేపు ఆలోచించి, "అయితే ఆ 0.9 నువ్వేరా" అన్నాడు.