గాజుపలక నుండి పన్నెండు బొమ్మల రీలు దాకా



పద్యం వ్రాయబూనినవాడు మొదట వృత్తాన్ని ఎన్నుకోవాలి. ఏ సందర్భానికి ఏ వృత్తం తగునో చెప్పడానికి పదకొండవ శతాబ్దంలో కాశ్మీర కవి క్షేమేంద్రుడు ‘సువృత్తతిలకం’ రచించాడు. ఫొటోగ్రాఫర్లకూ ఇటువంటి ఎంపిక ఒకటి ఉండేది. అది నెగటివు కొలత. మా చందానగర్‌లో నేడు అందరి చేతులలోనూ సెల్‌ఫోను కెమెరాలే గనుక ఆ మాట మరుగున పడింది.

హైదరాబాదు ఛాయాచిత్ర చరిత్రలో మొదట తలచుకోవలసిన పేరు రాజా లాలా దీన్‌దయాళ్ (1844–1905). ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడాయన. సికిందరాబాదులో స్టూడియో నడిపాడు. ఆ రోజులలో గాజు నెగటివును కాగితానికి ఆనించి ఎండలో అచ్చు తీయడమే వాడుక. పలక ఎంతో పటమూ అంతే. పెద్ద పటం కావాలంటే పెద్ద పలకనూ, దానికి తగిన బరువైన కెమెరానూ మోయవలసిందే.

1901లో కొడాక్ సంస్థ 120 అనే రీలును తెచ్చింది. వెడల్పు ఇంచుమించు ఆరు సెంటీమీటర్లు. పొడవును ఎలా కోయాలన్నది కెమెరా ఇష్టం. 6×4.5 అయితే పదహారు బొమ్మలు, 6×6 అయితే పన్నెండు, 6×7 అయితే పది, 6×9 అయితే ఎనిమిది.

సందర్భాన్ని బట్టి ఎంపిక మారుతుంది. పెండ్లిలో తలంబ్రాలు ఫొటోగ్రాఫరు రీలు మార్చుకొనే దాకా ఆగవు. అక్కడ పదహారు బొమ్మల 6×4.5 మేలు. స్టూడియోలో కూర్చున్న మనిషికి 6×7 తగును. దాని నిష్పత్తి ఎనిమిది పది అంగుళాల కాగితానికి సరిపోతుంది. 1970లో వచ్చిన మామియా ఆర్‌బీ67 ఇందుకు ప్రసిద్ధం. బరువు రెండు కిలోలు దాటుతుంది గనుక ముక్కాలి స్టాండు కావాలి. కొండలకు, కోటలకు, బడిపిల్లల వరుసలకు 6×9. విస్తీర్ణంలో అది ముప్పైఅయిదు మిల్లీమీటర్ల ఫిలిముకు అయిదు రెట్లు పైమాటే.

మన మధ్యతరగతి ఇళ్ళకు దక్కింది మాత్రం 6×6 చతురస్రం. మన దేశంలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ ఆ కొలతదే. రొమ్ము దగ్గర పట్టుకొని పైనుండి తొంగిచూసే జంటకటకాల కెమెరాను అడ్డంగా తిప్పడం కష్టం. చతురస్రానికి తిప్పే పనే లేదు. నిలువో అడ్డమో తరువాత చీకటిగదిలో తేల్చుకోవచ్చు.

ఆ తేల్చుకోవడంలోనే అసలు సంగతి ఉన్నది. చతురస్రాన్ని ఎనిమిది పది కాగితానికి అమర్చినప్పుడు ఇంచుమించు ఐదింట ఒక వంతు బొమ్మ పోతుంది. పోయేది అంచు. అంచున నిలబడేదెవరు? పొరుగింటివారో, పనిమనిషో, సిగ్గుపడి పక్కకు ఒదిగిన పిల్లో. గోడమీది పటంలో లేనివారు నెగటివులో ఉన్నారు.

దీన్‌దయాళ్ గాజుపలకలు 2,857 ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి గనుక భద్రంగా ఉన్నాయి. రాజులకు ఆ అదృష్టం దక్కింది. మన ఊళ్ళ స్టూడియోలలోని నెగటివులకు అటువంటి దిక్కు లేదు. మీ ట్రంకుపెట్టెలో బ్రొటనవేలి కంటె పెద్ద చతురస్రపు నెగటివులుంటే దయచేసి పారవేయకండి. కిటికీ వెలుగుకు ఎత్తి, ముందుగా అంచులు చూడండి. అక్కడ ఎవరు కనిపించారో నాకూ తెలుపండి.