గాలం వేసే ముందు ఆ నీళ్లు ఎవరివో అడగండి: తాండవ నుంచి కశ్మీర్ ట్రౌట్ దాకా

పాయకరావుపేట, తుని మధ్య పారే తాండవ నదిలో గాలం వేయడం ఇక్కడి వాళ్లకు కొత్తేమీ కాదు. వెదురు కర్ర, దారం, బెండు, ఎర ఉంటే సరిపోయేది. ఇప్పుడు రీలు బిగించిన రాడ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కశ్మీర్, కులు టూర్‌కు వెళ్లొచ్చిన కుటుంబాలు అక్కడి ట్రౌట్ చేప గురించి చెబుతున్నాయి. దాంతో చాలామందికి రెండు సందేహాలు వస్తున్నాయి. ఆ చేప మన దగ్గర దొరుకుతుందా? ఎక్కడైనా గాలం వేయడానికి పర్మిషన్ కావాలా? మొదటిదానికి జవాబు ‘దొరకదు’. రెండోదానికి జవాబు మీరు ఏ నీళ్ల దగ్గర నిలబడ్డారన్న దాన్ని బట్టి మారుతుంది.

లంబసింగిలో ట్రౌట్ ఎందుకు లేదు?

నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్లినవాళ్లు అడిగే ప్రశ్న ఇది. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు పడిపోయే రోజులు ఉంటాయి. కానీ ట్రౌట్‌కు కొన్ని వారాల చలి చాలదు. ఏడాది పొడవునా నీళ్లు చల్లగా, వేగంగా, ఆక్సిజన్ బాగా కలిసి పారుతూ ఉండాలి. సుమారు 10 నుంచి 18 డిగ్రీల నీళ్లలో అది హాయిగా ఉంటుంది. 25 డిగ్రీలు దాటితే బతకడం కష్టం. మన ఏజెన్సీ వాగులు వేసవిలో ఎండిపోతాయి, లేదా వేడెక్కుతాయి.

అసలు ట్రౌట్ మన దేశపు చేప కాదు. బ్రిటిష్ కాలంలో గుడ్లను ఓడల్లో తెప్పించి ఇక్కడ పొదిగించారు. కశ్మీర్‌లో 1900 ప్రాంతంలో బ్రౌన్ ట్రౌట్ నిలదొక్కుకుంది. నీలగిరుల్లో 1860లలోనే ప్రయత్నాలు మొదలైనా, 1900 తర్వాత గానీ రెయిన్‌బో ట్రౌట్ స్థిరపడలేదు. మనకు దగ్గరలో అంటే ఊటీ వైపు, కేరళలోని మున్నార్ వైపు కొండ వాగుల్లో ఈ చేప ఉంది.

ఫ్లై ఫిషింగ్ అంటే

ట్రౌట్ నీటిపై వాలే పురుగులను తింటుంది. అందుకే కొక్కేనికి ఈకలు, దారం చుట్టి పురుగులా కనిపించేలా ఒక బొమ్మ కడతారు. అదే ఫ్లై. దానికి బరువు ఉండదు కాబట్టి మామూలు గాలంలా విసిరితే దూరం పోదు. ఇందులో దారానికే బరువు ఉంటుంది. రాడ్‌ను వెనక్కీ ముందుకీ ఊపి ఆ దారాన్ని నీటిపైకి పంపుతారు. బెండు, సీసం గుండు, వానపాము ఏవీ అక్కర్లేదు.

కశ్మీర్ వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సింది

లిద్దర్, సింధ్, బ్రింగి లాంటి నదులను అక్కడి మత్స్యశాఖ ‘బీట్లు’గా విభజించింది. ఏ బీటులో, ఏ రోజు పట్టాలనుకుంటే దానికే పర్మిట్ తీసుకోవాలి. మామూలుగా ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు సీజన్. ట్రౌట్ నీళ్లలో వలలు వేయకూడదు, రాడ్‌తోనే పట్టాలి. రోజుకు ఎన్ని చేపలు, ఎంత సైజు దాటినవి ఉంచుకోవచ్చు అన్నదానికి పరిమితి ఉంటుంది. చిన్నవి పడితే నీళ్లలోకి వదిలేయాలి.

హిమాచల్‌లోని తీర్థన్, బరోట్ ప్రాంతాల్లోనూ లైసెన్సు తప్పనిసరి. గుడ్లు పెట్టే కాలం కాబట్టి అక్కడ నవంబర్ నుంచి ఫిబ్రవరి చివరి వరకు ట్రౌట్ వేట బంద్. ఫీజులు, పరిమితులు మారుతుంటాయి. హోటల్ వాళ్ల మాట మీద కాకుండా మత్స్యశాఖ కౌంటర్‌లోనే అడిగి, రసీదు దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఇక మన దగ్గర

ఇక్కడ బీట్లు, పర్మిట్ కౌంటర్లు కనిపించవు. అంటే నిబంధనలు లేవని కాదు. నీళ్లను బట్టి నిబంధన మారుతుంది.

ఊరి చెరువు: చాలా చెరువుల్లో చేపల హక్కు లీజు మీద మత్స్యకార సహకార సంఘాలకు ఇస్తారు. వాళ్లు డబ్బు పెట్టి బొచ్చె, శీలావతి, మోసు పిల్లలను వదులుతారు. ఆ చేపే వాళ్ల ఏడాది ఆదాయం. సరదాకు వేసిన గాలమైనా సరే, సంఘాన్ని అడగకుండా వేయకూడదు. చేపకు జబహ్ అవసరం లేదు, నిజమే. కానీ ఇంకొకరు పెంచిన చేపను అడగకుండా పట్టుకుంటే అది ఇంకొకరి సొత్తే.

రిజర్వాయర్: నాతవరం మండలంలోని తాండవ రిజర్వాయర్ లాంటి చోట్ల వేట మత్స్యశాఖ లైసెన్సుతో జరుగుతుంది. దాని మీద బతికే మత్స్యకార కుటుంబాలు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నాయి. ముందుగా శాఖను అడగాలి.

అడవిలోని వాగు: రిజర్వ్ ఫారెస్ట్‌లో అటవీశాఖ అనుమతి లేకుండా చేపలు పట్టడం నేరం. పాపికొండలు నేషనల్ పార్క్ లాంటి రక్షిత ప్రాంతాల్లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది.

సముద్రం: తాండవ పెంటకోట దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మోటారు బోట్లు, మెకనైజ్డ్ బోట్లపై వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికే ఈ విరామం. ఒడ్డున నిలబడి గాలం వేసేవారికి ఇది వర్తించదు. కానీ ఆ రోజుల్లో మోటారు బోటు మాట్లాడుకుని సముద్రంలోకి వేటకు వెళ్తే కేసు పడేది బోటు యజమాని మీద. మొగ దగ్గర పండుగప్ప, కట్టిపరిగె పడతాయి. గాలానికి తాబేలు తగిలితే కొక్కెం తీసి వెంటనే వదిలేయాలి. ఆలివ్ రిడ్లీ తాబేలు చట్టం రక్షణలో ఉన్న జీవి.

ఎక్కడైనా నేరమే

1897 నాటి భారత మత్స్య చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నీళ్లలో పేలుడు పదార్థం వేసి చేపలు పట్టడం, విషం లేదా సున్నం కలపడం దీని కింద నేరాలు. మూల చట్టంలో రెండు నెలల వరకు జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా అని ఉంది. శిక్ష చిన్నదే కదా అనుకోవద్దు. తూటాలు దగ్గర ఉంచుకుంటే 1908 పేలుడు పదార్థాల చట్టం వస్తుంది, దాని శిక్షలు చాలా పెద్దవి. కరెంటు తీగకు కొక్కెం తగిలించి నీళ్లలో వేస్తే అది విద్యుత్ దొంగతనం కూడా. తడి ఒడ్డున కరెంటుతో పని, మనుషుల ప్రాణాలు పోయే పని. విషం కలిపిన నీళ్లు దిగువన పశువులు తాగుతాయి, పిల్లలు స్నానం చేస్తారు.

బయలుదేరే ముందు

– చెరువు లేదా రిజర్వాయర్ అయితే గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకుడిని కలవండి. లీజు ఎవరిది, ఎవరిని అడగాలి అన్నది వాళ్లకు తెలుస్తుంది. అక్కడ తేలకపోతే అనకాపల్లిలోని జిల్లా మత్స్యశాఖ కార్యాలయం.

– వానలు మొదలయ్యాక చేపలు ఎదురు ఈదుతూ గుడ్లు పెట్టడానికి పైకి వెళ్తాయి. గుడ్లతో ఉన్న పెద్ద చేప పడితే వదిలేయడం మేలు. ఒక్క చేప వదిలితే వచ్చే ఏడాదికి ఎన్నో పిల్లలు.

– రిజర్వాయర్ గేట్లు ఎత్తితే తాండవలో నీరు ఒక్కసారిగా పెరుగుతుంది. వరద హెచ్చరిక ఉన్న రోజున పిల్లలను నది ఇసుకలోకి పంపకండి.

– తెగిన నైలాన్ దారం, కొక్కేలు ఒడ్డున పారేయొద్దు. పక్షుల కాళ్లకు, పశువుల నోటికి, చెప్పులు లేకుండా నడిచే పిల్లలకు అవే గుచ్చుకుంటాయి.

– తినగలిగినన్నే ఉంచుకుని, మిగతావి బతికి ఉండగానే నీళ్లలోకి వదలండి.

కశ్మీర్‌లో పర్మిట్ కాగితం చేతిలో పెడతారు కాబట్టి అడగాలన్న సంగతి గుర్తుంటుంది. ఇక్కడ ఆ కాగితం ఎవరూ చూపించమనకపోవచ్చు. అయినా చెరువు గట్టున వల ఆరబెట్టుకుంటున్న మనిషిని ముందు ఒక మాట అడిగితే, చాలా గొడవలు మొదలవకుండానే ఆగిపోతాయి.