మన జీతం డబ్బుల్లో ఉన్న పాత పేర్లు



మొన్న శుక్రవారం ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మా రూములో అందరం కూర్చుని లెక్కలు చూసుకుంటున్నాం. కొత్తగా వచ్చిన తమ్ముడొకడు ఏజెంటు అప్పుకి వడ్డీ కట్టి, "అన్నా, చేతిలో దమ్మిడీ మిగల్లేదు" అన్నాడు. మొదటి జీతం అది. మాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ దమ్మిడీ మాట మీదనే రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. మేం చదివింది పదో తరగతే అయినా, తెలుసుకున్నది మీకూ చెప్తున్నాం.

దమ్మిడీ మన సొంత మాటే అనుకుంటాం గదా. కాదు. గ్రీకు వాళ్ల వెండి నాణెం పేరు ద్రక్మా. అది మన దేశానికి వచ్చి సంస్కృతంలో ద్రమ్మం అయింది, ఉత్తరాదిలో దామ్ అయింది. దామ్‌లో చిన్న భాగం దమ్డీ. అదే మన నోట్లో దమ్మిడీ. ఆ ద్రక్మానే ఇరాన్ మీదుగా అరబ్బుల దగ్గరికి వచ్చి దిర్హమ్ అయింది. ఇక్కడి ఒక రియాల్‌కి 100 దిర్హమ్‌లు.

మిగతా పేర్లూ అంతే. కువైట్, బహ్రెయిన్‌ల దీనార్ రోము వాళ్ల డెనారియస్. దుబాయ్ చిల్లర ఫిల్స్ రోము వాళ్ల ఫోలిస్. రియాల్ అనేది స్పెయిన్ నాణెం పేరు నుంచి వచ్చింది, దాని మూలం లాటిన్‌లో 'రాజుది' అనే మాట. క్రీ.శ. 690ల్లో ఖలీఫా అబ్దుల్ మాలిక్ కొత్త నాణేలు వేయించాడు. బొమ్మలు తీసేసి అరబ్బీ అక్షరాలు పెట్టాడు. దీనార్, దిర్హమ్ అనే పేర్లు మాత్రం అట్లాగే ఉంచాడు. జనం నమ్మిన పేరు అంత తొందరగా పోదు.

ఇక మన ఊళ్ల సంగతి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో, పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులో రోము నాణేలు దొరికాయి. దాదాపు 2000 ఏళ్ల కిందట ఒక గ్రీకు వ్యాపారి తన సముద్ర ప్రయాణ పుస్తకంలో మసాలియాలో సన్నబట్టలు బాగా నేస్తారని రాశాడు. అది మన మచిలీపట్నం తీరం. రోములో ప్లినీ అనే పెద్దమనిషి ఏటా 5 కోట్ల సెస్టెర్స్‌లు ఇండియాకే పోతున్నాయని బాధపడ్డాడు. అప్పుడు మనోళ్లు మగ్గం దగ్గర కూర్చుంటే డబ్బే సముద్రం దాటి వచ్చింది. ఇప్పుడు డబ్బు కోసం మనం దాటాం.

నాగార్జునకొండలో 3వ శతాబ్దపు శాసనం ఉంది. రాణి రుద్రధర భట్టారిక మహాచైత్యం దగ్గర స్తంభం నిలబెట్టించి, 170 దీనారి మాషకాలు ఇచ్చిందని అందులో చెక్కారు. దీనార్ మాట అప్పటికే కృష్ణ ఒడ్డుకు చేరిందన్నమాట. ఇచ్చినామె పేరుంది, అంకె ఉంది. రాయి మోసి స్తంభం ఎత్తినోళ్ల పేర్లు లేవు, కూలి ఎంతో లేదు. సైట్లలో పని చేసే మనకు ఇది కొత్త కాదు.

అందుకే తమ్ముడికి ఒకటే చెప్పాం. మన లెక్క ఎవరూ రాతి మీద చెక్కరు, మనమే రాసుకోవాలి. జీతం స్లిప్పు దాచుకో. ఓవర్‌టైమ్ గంటలు రోజూ నోటుబుక్కులో రాసుకో. ఏజెంటుకి ఇచ్చిన ప్రతి రూపాయి తారీఖుతో రాసుకో. రేపు గొడవ వస్తే నోటిమాట నిలబడదు, రాసిన అంకె నిలబడుతుంది.

వాడు ఆ రాత్రే నోటుబుక్కు తెరిచాడు. మీరూ తెరవండి.